అమెరికాలో తుపాకుల రవాణా: తపాలా, పార్శిల్ సంస్థల నియమాల చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో తుపాకులను, వాటి విడిభాగాలను పంపడంపై తపాలా శాఖ, ప్రైవేటు పార్శిల్ సంస్థలు పాటించే నియమాలకు దాదాపు నూరేళ్ళ చరిత్ర ఉంది. 1927, 1968, 1993 సంవత్సరాల చట్టాలు ఇందులో ప్రధాన ఘట్టాలు. 1999 తర్వాత మాత్రం పెద్ద మార్పులు ఎక్కువగా యూపీఎస్, ఫెడెక్స్ వంటి కంపెనీల సొంత నిర్ణయాల వల్లే వచ్చాయి.

కేటలాగుల కాలం

1913 జనవరి 1న అమెరికా తపాలా శాఖ పార్శిల్ పోస్టును ప్రారంభించింది. అంతకు ముందు నాలుగు పౌండ్లు దాటిన మూటను తపాలా శాఖ తీసుకునేది కాదు. అలాంటివన్నీ ప్రైవేటు ఎక్స్‌ప్రెస్ కంపెనీలే రైళ్ళలో చేరవేసేవి. పార్శిల్ పోస్టు రావడంతో మారుమూల పల్లెలోని రైతు కూడా కేటలాగు చూసి కావలసినది తెప్పించుకోగలిగాడు. సియర్స్ రోబక్ వంటి సంస్థల కేటలాగులలో కుట్టుమిషన్లు, బూట్లతో పాటు రివాల్వర్లూ ఉండేవి. కొనేవాడు ఎవరో, ఎందుకు కొంటున్నాడో అడిగే నాథుడు లేడు.

1920లలో నగరాలలో నేరాలు పెరుగుతున్నాయన్న ఆందోళనతో వాషింగ్టన్ రాష్ట్ర ప్రతినిధి జాన్ మిల్లర్ ప్రతిపాదించిన బిల్లు 1927లో చట్టమైంది. పిస్తోళ్ళు, రివాల్వర్లు, ఒంటిమీద దాచుకోగల ఇతర తుపాకులు తపాలాలో పంపడాన్ని అది నిషేధించింది. సైనికాధికారులకు, పోలీసులకు, తయారీదారులకు, వ్యాపారులకు మినహాయింపులిచ్చింది. ఉల్లంఘిస్తే వెయ్యి డాలర్ల వరకు జరిమానా, రెండేళ్ళ వరకు జైలు.

ఈ చట్టం సగం పనే చేసింది. ప్రభుత్వ తపాలాను కట్టడి చేసి, ఎక్స్‌ప్రెస్ కంపెనీల జోలికి పోలేదు. దాంతో పిస్తోలు వ్యాపారులు అదే సరుకును రైల్వే ఎక్స్‌ప్రెస్ ద్వారా పంపుతూ వచ్చారు. 1938 నాటి సమాఖ్య తుపాకుల చట్టం రాష్ట్రాల మధ్య వ్యాపారం చేసేవారికి లైసెన్సు తప్పనిసరి చేసింది కానీ, దాని రుసుము ఏడాదికి ఒక్క డాలరు. నేరచరిత్ర ఉన్నవారికి తెలిసి తెలిసి పంపకూడదని కూడా అన్నది. కొనేవాడి చరిత్రను ఆరా తీయాలన్న నియమమే లేనప్పుడు, ఎవరికీ ఏదీ తెలిసే అవకాశం లేదు.

1963: రెండు పార్శిళ్ళు

ఆ లోపం ఎంత పెద్దదో అధ్యక్షుడు కెనడీని హత్య చేసిన లీ హార్వీ ఆస్వాల్డ్ ఉదంతం లోకానికి చూపింది. అతడు ‘ఎ. హిడెల్’ అనే మారుపేరుతో, ‘అమెరికన్ రైఫిల్‌మన్’ పత్రికలోని ప్రకటన కూపన్ నింపి, షికాగోలోని క్లైన్స్ స్పోర్టింగ్ గూడ్స్‌కు మనియార్డరు పంపాడు. ఇటలీ సైన్యం వాడి వదిలేసిన కార్కానో రైఫిల్, దూరదర్శిని అమర్చి 19 డాలర్ల 95 సెంట్లు. తపాలా ఖర్చు ఒకటిన్నర డాలరు. డాలస్‌లోని పోస్టుబాక్సుకు అది పార్శిల్ పోస్టులో వెళ్ళింది. రైఫిల్ పొడవైనది కనుక 1927 చట్టం దానికి వర్తించలేదు.

లాస్ ఏంజెలెస్‌లోని సీపోర్ట్ ట్రేడర్స్ నుంచి తెప్పించిన .38 రివాల్వర్‌ది మరో దారి. దాని ధర 29 డాలర్ల 95 సెంట్లు. తపాలాలో పంపితే నేరం కనుక సంస్థ దానిని రైల్వే ఎక్స్‌ప్రెస్‌కు అప్పగించింది. ఆస్వాల్డ్ పది డాలర్లు ముందుగా పంపి, మిగతాది సరుకు అందుకునేటప్పుడు చెల్లించాడు. రెండు తుపాకులూ 1963 మార్చి 20నే బయలుదేరాయి. నవంబరు 22న ఆ రైఫిల్ అధ్యక్షుడు కెనడీని, ఆ రివాల్వర్ డాలస్ పోలీసు అధికారి టిప్పిట్‌ను బలిగొన్నాయి. రెండు పార్శిళ్ళ బట్వాడాలోనూ రవాణా చట్టాన్ని ఎవరూ మీరలేదు. ఈ చరిత్రలో అన్నిటికంటే కలవరపెట్టే విషయం ఇదే.

కనెక్టికట్ సెనేటర్ థామస్ డాడ్ అప్పటికే తన ఉపసంఘం ద్వారా ఉత్తరాల మీద సాగే తుపాకుల వ్యాపారాన్ని విచారిస్తున్నాడు. 1963 ఆగస్టులో ఆయన పెట్టిన బిల్లు పిస్తోళ్ళకే పరిమితం. కెనడీ హత్య తర్వాత రైఫిళ్ళనూ అందులో చేర్చాడు. అయినా అది చట్టం కావడానికి మరో అయిదేళ్ళు పట్టింది. మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనడీ కూడా హతులయ్యాకనే కాంగ్రెసు కదిలింది.

1968 చట్టం, తర్వాతి సవరణలు

1968 జూన్‌లో వచ్చిన నేర నియంత్రణ చట్టం రాష్ట్రాల మధ్య పిస్తోళ్ళ అమ్మకాన్ని కట్టడి చేసింది. అక్టోబరు 22న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన తుపాకుల నియంత్రణ చట్టం రైఫిళ్ళకు, షాట్‌గన్‌లకు కూడా ఆ నియమాన్ని విస్తరించింది. అప్పటినుంచి పరరాష్ట్రపు వ్యాపారి నుంచి తుపాకీ నేరుగా కొనుగోలుదారు ఇంటికి రాదు. అతని ఊళ్ళోని లైసెన్సుదారుకు చేరుతుంది. అక్కడ కాగితాల పని పూర్తయ్యాక చేతికొస్తుంది. నేటి ఆన్‌లైన్ అమ్మకాలూ ఈ పద్ధతిలోనే సాగుతున్నాయి.

రవాణా సంస్థలపై తొలిసారి బాధ్యత పడిందీ అప్పుడే. లైసెన్సు లేనివారికి తుపాకీ పంపేవారు ఆ సంగతి రవాణా సంస్థకు రాతపూర్వకంగా తెలపాలి; చట్టవిరుద్ధమని తెలిసి సంస్థ దానిని మోయకూడదు. 1986 చట్టం తూటాల అమ్మకంపై ఆంక్షలు సడలించడంతో అవి మళ్ళీ నేరుగా ఇళ్ళకు రాసాగాయి.

1993 బ్రాడీ చట్టం నేపథ్య తనిఖీలకు పేరుపొందినా, రవాణాలో జరిగే దొంగతనాల మీద కూడా దృష్టి పెట్టింది. పెట్టెలో తుపాకీ ఉందని పైన చీటీ అంటించమని ఏ రవాణా సంస్థా కోరకూడదని అది శాసించింది. అలాంటి చీటీ గోదాములోని దొంగకు ఆహ్వానమే కదా. సరుకు అప్పగించేటప్పుడు సంతకం తీసుకోవడాన్నీ తప్పనిసరి చేసింది.

కంపెనీల సొంత నియమాలు

1999లో యూపీఎస్ పిస్తోళ్ళను మరునాడే చేరే విమాన సేవలో మాత్రమే తీసుకుంటామని ప్రకటించింది. దొంగతనాలు తగ్గించడమే కారణమని చెప్పింది. చట్టం అడగని ఖర్చు అలా పంపేవారి మీద పడింది. తర్వాత షరతులు ఇంకా బిగిశాయి. లైసెన్సు లేని వ్యక్తి కూడా తన తుపాకీని మరమ్మతుకో అమ్మకానికో లైసెన్సుదారుకు పంపుకోవచ్చని సమాఖ్య చట్టం అంటుంది. యూపీఎస్, ఫెడెక్స్ మాత్రం ఇప్పుడు తమతో ప్రత్యేక ఒప్పందం ఉన్న లైసెన్సుదారుల నుంచే తుపాకులు స్వీకరిస్తున్నాయి. దొంగతనాల భయం నిజమైనదే అయినా, చట్టసభలో చర్చించవలసిన హద్దులు కంపెనీల రేట్ల పుస్తకాలలో తేలిపోవడం మంచిది కాదు.

2022 నవంబరులో మోంటానా అటార్నీ జనరల్ ఆస్టిన్ నూడ్సన్ నాయకత్వంలో 18 రాష్ట్రాల అటార్నీ జనరళ్ళు ఈ రెండు కంపెనీలకు లేఖలు రాశారు. కొత్త షరతుల వల్ల తుపాకుల కొనుగోళ్ళ వివరాలు పోగుపడి ప్రభుత్వ చేతికి వెళ్ళవచ్చన్నది వారి ఆరోపణ.

విడిభాగాల చిక్కు

చట్టం దృష్టిలో తుపాకీ అంటే వరుస సంఖ్య చెక్కిన మూలభాగం, అంటే రిసీవర్ లేదా ఫ్రేము. గొట్టం, భుజానికి ఆనించే భాగం, స్ప్రింగులు వంటివి చాలావరకు మామూలు సరుకే. లైసెన్సు అక్కరలేకుండా ఇంటికి చేరతాయి. సగం తయారైన ఫ్రేములతో, సంఖ్య లేని తుపాకులతో ఈ విభజన చిక్కుల్లో పడింది. 2015లో ఇలాంటి భాగాలను మలిచే ‘ఘోస్ట్ గన్నర్’ యంత్రాన్ని మోయడానికే ఫెడెక్స్, యూపీఎస్ నిరాకరించాయి. ఆ యంత్రం తుపాకీ కాదు, దాని అమ్మకం నేరమూ కాదు. 2022లో యూపీఎస్ ఫ్లోరిడాలోని ఒక విడిభాగాల వ్యాపారి ఖాతాను రద్దు చేసింది.

అదే ఏడాది ఆగస్టులో అమల్లోకి వచ్చిన సమాఖ్య నిబంధన, సులభంగా తుపాకీగా మారగల కిట్లను తుపాకులుగానే లెక్కించింది. 2025 మార్చి 26న సుప్రీం కోర్టు ఏడుగురు న్యాయమూర్తుల మెజారిటీతో దానిని సమర్థించింది. దీంతో ఆ కిట్లూ లైసెన్సుదారు ద్వారానే చేరాలి.

1927 చట్టం కూడా కోర్టుకెక్కింది. కంపెనీలు సామాన్యుల నుంచి పిస్తోళ్ళు తీసుకోవడం మానేశాక తమకు తపాలా ఒక్కటే మిగిలిందని, ఆ దారినీ మూసివేయడం రాజ్యాంగ విరుద్ధమని తుపాకీ హక్కుల పక్షం వారు 2025లో పెన్సిల్వేనియాలో దావా వేశారు.