బైరాన్‌పల్లి తర్వాత ఏడాదికి వచ్చిన చట్టం

1946 జులై 4న తెలంగాణలోని కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకీ గుండుకు నేలకొరిగిన నాడు, భూస్వాములకు ఎదురుతిరిగిన సంఘపోళ్ల చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు. తుపాకులు విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల దగ్గరున్నాయి. సాయుధుడెవరో, రైతెవరో చూడగానే తెలిసేది. రెండేళ్లు తిరిగేసరికి ఆ తేడా చెరిగిపోయింది.

పోరును నడిపిన కమ్యూనిస్టు పార్టీ లెక్కలో గెరిల్లా దళాలవాళ్లు రెండు వేల మంది, గ్రామ దళాలవాళ్లు పది వేల మంది. గ్రామ దళం మనిషి పగలు నాగలి పట్టేవాడు, హైదరాబాద్ పాలకుడు నిజాం తరఫు సాయుధులైన రజాకార్లు వస్తున్నారంటే గుత్పో తుపాకో అందుకునేవాడు. ఒంటిమీద యూనిఫాం లేదు, ఇల్లే శిబిరం.

ఆనాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని బైరాన్‌పల్లి రజాకార్ల దాడులను బురుజు మీది నుంచి తిప్పికొట్టిన ఊరు. 1948 ఆగస్టు 27న రజాకార్లు నిజాం బలగాలను వెంటబెట్టుకొని తెల్లవారకముందే చుట్టుముట్టారు. బురుజు చేజారాక దొరికిన మగవాళ్లను వరుసలో నిలబెట్టి కాల్చారు. పోరాడినవాడిని, పోరాడనివాడిని వేరు చేయలేదు.

సెప్టెంబర్ 13న భారత సైన్యం అడుగుపెట్టింది, 17న నిజాం లొంగిపోయాడు. కానీ సాయుధుడెవరో తేల్చకుండానే శిక్షించడం ఆగలేదు. రజాకార్లు చేసిన పాపానికి హైదరాబాద్ సంస్థానంలోని మామూలు ముస్లింలు బలయ్యారు. ఆ హత్యలను విచారించిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ అంచనాలో మృతులు 27 వేల నుంచి 40 వేలు. ఈసారి గుర్తు మతం.

తర్వాత సైన్యం, పోరు ఆపని దళాల కోసం నల్లగొండ పల్లెలను జల్లెడ పట్టింది. ఊరు విడిచిపోయిన దొరలు సైన్యం వెంట తిరిగొచ్చి సంఘపోళ్లను చూపించారు. దళానికి బువ్వ పెట్టడం, దాచిపెట్టడం కూడా నేరమే అయింది. పదివేల మందికి పైగా జైళ్లలో, నిర్బంధ శిబిరాల్లో మగ్గారని పార్టీ చెప్పింది. మరోవైపు దళాలు కూడా ఏజెంట్లనే అనుమానం మీద కొందరిని చంపాయి. అవీ నిరాయుధుల చావులే, వాటినీ దాచకుండా రాయాలి.

1949 ఆగస్టు 12న జెనీవాలో నాలుగు ఒప్పందాలు కుదిరాయి. అన్నిటిలోనూ ఉన్న మూడో అధికరణం ఒక దేశం లోపలి సాయుధ పోరుకూ వర్తిస్తుంది: పోరులో లేనివాళ్లను, ఆయుధం దించినవాళ్లను, పట్టుబడ్డవాళ్లను చంపకూడదు, హింసించకూడదు. 1950 నవంబరులో భారత్ వాటిని ఆమోదించింది. అప్పటికి తెలంగాణలో పోరు ఇంకా సాగుతూనే ఉంది. పార్టీ దాన్ని విరమించింది 1951 అక్టోబర్ 21న. ప్రభుత్వం మాత్రం దాన్ని శాంతిభద్రతల సమస్యగానే చూసింది.

ఆ అధికరణం అడిగేది నిన్న బురుజు ఎక్కాడా అని కాదు, ఈ క్షణాన పోరులో ఉన్నాడా అని. ఆ లెక్కన బైరాన్‌పల్లిలో వరుసలో నిలబెట్టి కాల్చినవాళ్లలో ఒక్కరూ యుద్ధంలో చనిపోలేదు. వాళ్లందరివీ హత్యలే.