ఉద్దర పుస్తకం

రోహిణి కార్తె, 2024 మే నెలాఖరు. కదిరి బస్టాండులో దిగి బజారులోకి నడవండి. మల్లెపూల బుట్టలు, కుంకుమ రాశులు పోసిన అంగళ్లు దాటండి. రెండు నెలల కిందట నరసింహస్వామి తేరు మీదికి దవనం, మిరియాలు విసరడానికి ఒకరినొకరు తోసుకున్న జనం ఇప్పుడు లేరు. గోడ నీడ పట్టుకుని నడిచేవాళ్లు నలుగురు కనిపిస్తారు, అంతే. ఒక సందు మొదట్లో ఎరువులు, పురుగుమందుల అంగడి. షట్టరు సగమే ఎత్తి ఉంది. తల వంచి లోపలికి రండి.

సగమే ఎందుకంటే, పూర్తిగా ఎత్తితే వసూలుకు వచ్చేవాళ్లు నేరుగా లోపలికి వస్తారు. పూర్తిగా దించితే మధ్యాహ్నానికల్లా 'ఎత్తేసినాడంట' అన్న మాట గాండ్లపెంట, తనకల్లు దాకా పోతుంది.

ఈ అంగడి పేరు అడక్కండి. ఇది ఒక్కరిది కాదు, ఇట్లాంటి కొన్ని అంగళ్ల పోలికలు కలిపి కట్టింది. సొంత లెక్కల అంకెలు కూడా సంగతి అర్థం కావడానికి వేసినవే. చట్టం మాత్రం ఉన్నది ఉన్నట్టే.

బెంచీ మీద కూర్చోండి. మందుల వాసన గొంతులో పట్టుకుంటుంది, కాసేపటికి అలవాటైపోతుంది. అంగడాయన ఇరవై ఏళ్లకు పైగా ఈ వాసనలోనే ఉన్నాడు. పనిచేసే పిల్లోడు స్టూలెక్కి డబ్బాల మీద తేదీలు చదువుతున్నాడు, ఆయన కింద కూర్చుని రాసుకుంటున్నాడు.

"లీటరు డబ్బాలు తొమ్మిది. డేటు అయిపోయిందన్నా."

"పక్కన పెట్టు."

"ఇవీ అయిపోయినాయి."

"పెట్టబ్బా పక్కన. అన్నీ చదవాల్నా?"

పిల్లోడు నోరు మూసుకున్నాడు. కాసేపాగి ఆయనే, "చదువులే, రాయాల కదా," అన్నాడు.

గడువు దాటిన మందు అమ్మితే కేసు. గడువు ఉన్నవాటిని డిస్ట్రిబ్యూటరు బతిమాలితే వెనక్కి తీసుకుంటాడేమో. ఎరువులది ఇంకో తంటా. 2018 నుంచి అంగట్లోని మిషన్‌లో రైతు వివరం, మామూలుగా వేలిముద్ర, ఎక్కందే సబ్సిడీ ఎరువు ఒక్క మూట కూడా అమ్మినట్టు కాదు. మిషన్ పదిహేడు మూటలు చూపిస్తోంది, నేల మీద పదకొండే ఉన్నాయి. మిగిలిన ఆరూ సీజన్ రద్దీలో వేలు పడక, 'మళ్లొచ్చి వేస్తాలే' అని ఎత్తుకుపోయినవాళ్లవి. అంగడి మూయాలంటే ముందు ఆ ఆరు వేళ్లు దొరకాలి. తర్వాత వ్యవసాయ శాఖ లైసెన్సులు అప్పజెప్పాలి. జీఎస్టీ నంబరు రద్దుకు అర్జీ పెట్టాలి. మిగిలిన సరుకు మీద వాడుకున్న పన్ను మినహాయింపు తిరిగి కట్టాలి, పురుగుమందులకైతే అది 18 శాతం. మూడు నెలల్లో జీఎస్టీఆర్-10 అనే ఆఖరు రిటర్ను వేయాలి. మూసేయడానికి కూడా చేతిలో డబ్బుండాలి. ఈ సంగతి అంగడి తెరిచేనాడు ఎవరూ చెప్పరు.

ర్యాకుల లెక్క తేలింది. ఇంచుమించు మూడు లక్షల సరుకు. ఇప్పుడాయన గల్లాపెట్టె కింది అర లాగి ఎర్ర అట్ట పుస్తకాలు బయటికి తీశాడు. ఊరి పేరు, దాని కింద మనుషుల పేర్లు, పేర్ల కింద మూటలు, సీసాలు, తేదీలు. ఉద్దర పుస్తకాలు. అసలు అంగడి ఇదే. ఇందులో రావలసింది పద్దెనిమిది లక్షలు.

ఈ పక్క ఎరువుల వ్యాపారం నడిచే తీరు అది. జూన్ జూలైలో విత్తనశుద్ధి మందు, డీఏపీ, పూత దశలో జిప్సం ఉద్దరకు పోతాయి. చెనక్కాయ పీకి, కొట్టి, అమ్ముకున్నాక సంక్రాంతి లోపల డబ్బు తిరిగొస్తుంది, కాయ పండితే. ఏడాదంతా కలిపి సగటున అయిదున్నర వందల మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. అదీ అడిగినప్పుడు పడదు. ఇక్కడి పరిశోధన కేంద్రం ఊరి పేరు మీదే కదిరి-6, కదిరి-9, కదిరి లేపాక్షి అని రకరకాల వేరుశనగ విత్తనాలు ఇచ్చింది. బెట్టకు ఓర్చే విత్తనమైతే వచ్చింది. 2023 ఆగస్టును ఏ విత్తనం ఓర్చుకుంటుంది? 1901 నుంచి లెక్కలు చూస్తే దేశంలో అంత పొడి ఆగస్టు ఇంకోటి లేదు. ఆ ఖరీఫ్‌కు రాష్ట్రం 103 కరవు మండలాలు ప్రకటించింది, ఈ శ్రీ సత్యసాయి జిల్లావీ అందులో ఉన్నాయి. కరవు ప్రకటిస్తే రైతుకు పెట్టుబడి రాయితీ అన్నా వస్తుంది. రైతుకు ఉద్దర ఇచ్చినవాడి పేరు ఏ జాబితాలోనూ ఉండదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలు (ఆర్బీకేలు) మొదలయ్యాయి. చేతిలో నగదు ఉన్నవాళ్లు విత్తనం, ఎరువు ఊళ్లోనే తీసుకోవడం మొదలుపెట్టారు. రైతుకు అది మేలే, కాదనను. అంగడికి మాత్రం మిగిలింది నగదు లేనివాళ్లు. ఆ ఏడు నుంచి పుస్తకం లావెక్కింది, గల్లా బక్కచిక్కింది.

కట్టాల్సినవి ఇంకో కాగితం మీద రాస్తున్నాడు. డిస్ట్రిబ్యూటర్లకు తొమ్మిది లక్షలు. ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో తెచ్చినవి ఏడు. ప్రాంసరీ నోట్ల మీద పది, నూటికి నెలకు రెండు రూపాయల లెక్క. అంటే వడ్డీకే నెలకు ఇరవై వేలు. రావలసిన పద్దెనిమిదిలోనూ మూడేళ్లు దాటిన పేజీలు కోర్టుకు పోయినా చెల్లవు. పెన్ను కాసేపు ఆ పేజీల మీద ఆగి ముందుకు కదిలింది.

బయట బైకు ఆగింది. డిస్ట్రిబ్యూటరు మనిషి, అనంతపురం నుంచి. తల వంచి లోపలికి వస్తూనే నేల మీది మూటలు కళ్లతోనే లెక్కపెట్టాడు.

"ఏందన్నా, లెక్కలు కడ్తాండారు?"

"సంవత్సరం లెక్కలు సామీ."

"మార్చి అయిపోయె కదన్నా." బెంచీ మీద మీ పక్కనే కూర్చుని నీళ్లు తాగాడు. "మా సేటు చెక్కు వేస్తానంటాండాడు. నేనే ఆపినా."

సరుకు తెచ్చుకున్నప్పుడు హామీ కింద సంతకం పెట్టి ఇచ్చిన చెక్కులవి. బ్యాంకులో వేస్తే డబ్బు లేక తిరిగొస్తుంది. తిరిగొస్తే 138 సెక్షను కింద కేసు, అది క్రిమినల్. "వారం టైమియ్యి సామీ," అన్నాడు అంగడాయన. వచ్చినాయన నవ్వి, పోతూ పోతూ గడువు ఉన్న డబ్బాలు రెండు పెట్టెలు బైకుకు కట్టుకున్నాడు. అంగడాయన అడ్డుపడలేదు. రసీదు మాత్రం రాయించుకున్నాడు.

మధ్యాహ్నం భార్య క్యారియరు తెచ్చింది. పిల్లోడు బయటికి పోయేదాకా ఆగి గొంతు తగ్గించింది. "మా చిన్నాయన కొడుకు బెంగుళూరులో ఉండాడు కదా. ఆడికి పోదాం. ఈడ మనల్ని బతకనీరు." ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నాడు. ఇక్కడినుంచి బెంగుళూరుకు రాత్రి బస్సెక్కిన అంగళ్లు చాలానే ఉన్నాయి. అప్పులవాళ్లకు చిక్కకుండా ఇల్లు వదిలిపోవడమే దివాలాకు గుర్తని చట్టంలో రాసుంది. అది చూపించి అప్పులవాళ్లే మూడు నెలల్లో కోర్టుకు పోవచ్చు. ఆమెకు ఆ సంగతి తెలియదు. ఆయనకూ సాయంత్రం దాకా తెలియదు.

సాయంత్రం ఆయన వెంట ప్లీడరు దగ్గరికి రండి. చిన్న గది, ఫ్యాను చప్పుడు, గోడ పొడవునా కట్టలు.

"ఐపీ వేద్దాం," అన్నాడు ప్లీడరు.

ఐపీ అంటే దివాలా అర్జీ. ఆ మాటకు అంగడాయన తల దించుకున్నాడు. మన ఊళ్లలో ఐపీ పెట్టినాడంటే జనాన్ని ముంచినాడనే. ఆస్తి భార్య పేర, బావమరిది పేర రాసి చేతులెత్తేసినవాళ్లు ఆ మాటకు ఆ మకిలి అంటించారు. నా మటుకు, ఉన్నదంతా కాగితం మీద పెట్టి జడ్జి ముందు నిలబడ్డవాణ్ని, రాత్రి బస్సెక్కినవాణ్ని ఒకే మాటతో తిట్టడం అన్యాయం.

దివాలా చట్టం 1920 నాటిది. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చినా మామూలు మనుషులకు సంబంధించిన భాగాన్ని అమలులో పెట్టలేదు, కంపెనీల అప్పులకు జామీను ఉన్నవాళ్లకు తప్ప. అందుకని కదిరి అంగడాయనకు దిక్కు ఇంకా ఆ పాత చట్టమే. అందులో రూపాయి కూడా ఆనాటిదే. అప్పు 500 రూపాయలుంటే దివాలా అర్జీ పెట్టుకోవచ్చు. అర్జీకి ముందు నాలుగు నెలల్లో పనివాడికి బాకీపడ్డ జీతాన్ని మిగతా అప్పులకన్నా ముందు తీర్చాలంటుంది, ఎంత దాకా అంటే మొత్తం 20 రూపాయల దాకా! పిల్లోడికి రెండు నెలల జీతం ఇయ్యాల.

ప్లీడరు అడుగుతున్నాడు, ఆయన చెబుతున్నాడు.

"ఈ రెండేండ్లలో ఆస్తి ఏమన్నా ఇంట్లోవాళ్ల పేర రాసినారా?"

"రాయమని శానామంది చెప్పినారు సార్. రాయలేదు."

"మంచిదైంది. రాసుంటే కోర్టు పెట్టే రిసీవరు దాన్ని కొట్టేయించేవాడు. ఈ మధ్య ఎవరి అప్పన్నా తీర్చినారా?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. "ఏప్రిల్లో మా బావమరిది నోటు. లక్ష. వాళ్లింట్లో పెండ్లి ఉన్నింది."

"అదీ రాయండి. అర్జీకి ముందు మూడు నెలల్లో ఒకరిని మిగతావాళ్లకన్నా మేలు చూసి కడితే, ఆ డబ్బు వెనక్కి తీసుకోవచ్చు."

"నన్ను లోపలేస్తారా సార్?"

"అప్పు కట్టలేనందుకు వేయరు. ఉండి ఎగ్గొడితే వేస్తారు. 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది. చెక్కు కేసు మాత్రం వేరే, ఐపీ దాన్ని ఆపదు. ఇంటి మీద బ్యాంకు హక్కు కూడా అట్లే ఉంటుంది."

ఏవి పోతాయి, ఏవి మిగులుతాయి అని కూడా చెప్పాడు. ఒంటి మీది బట్టలు, వంట సామాను, పరుపులు, భార్య మెడలో తాళి ముట్టరు. మామూలు జప్తులో లెక్కల పుస్తకాలు కూడా ముట్టరు గాని, దివాలాలో అవి పోతాయి. చట్టం ప్రత్యేకంగా ఆ ఒక్క మాట రాసింది.

"పుస్తకం ఇస్తే రైతుల మీదికి పోతారా?"

"రావలసిన బాకీలు రిసీవరు వసూలు చేస్తాడు. అది ఆయన పని."

అంగడాయన సంచిలోంచి ఒక పుస్తకం తీసి పేజీ తిప్పాడు. మీరు ఆయన భుజం మీదుగా చూడొచ్చు. పేరు కొట్టేసి పక్కన ఇంకో పేరు రాసి ఉంది, భర్త పోయాక భార్యది. ముప్పై ఒక్క వేలు. కింద అక్కడక్కడా జమలు, అయిదువందలు, మూడువందలు. "ఈమె కూలికి పోతాది సార్. ఈమెను నేను అడగను. ఈ పేజీ తీసేస్తా."

"తీసేయొద్దు. పుస్తకంలో పేజీ చింపితే ఏడాది దాకా శిక్ష ఉంది. ఇంకో సంగతి కూడా చెప్తా, ఏమనుకోవద్దు. మాఫీ చేయడానికి ఈ డబ్బు ఇప్పుడు మీది కాదు, మీకు అప్పిచ్చినోళ్లది."

ఈ మాట దగ్గర ఆయన చాలాసేపు ఆగిపోయాడు. ఇల్లు పోతుందన్నప్పుడు కూడా అంత చలించలేదు. ఇరవై ఏళ్లు ఎవరికి ఇవ్వాలో, ఎవరిని అడగాలో, ఎవరిని వదిలేయాలో తేల్చింది తనే. ఊళ్లలో ఆయనకున్న పరపతి అంతా ఆ తేల్చడంలో ఉంది. పుస్తకం అప్పజెప్పడమంటే ఆ పెద్దరికం అప్పజెప్పడం.

ప్లీడరే తోవ చూపాడు. "పేరు రాయండి, మొత్తం రాయండి. వసూలు కాదని నిజంగా అనుకుంటే పక్కన రాని బాకీ అని రాయండి, ఎందుకు రాదో రాయండి. కోర్టుకు కావలసింది నిజం. మీ దయ కాదు, మీ కోపం కాదు."

రాత్రి పొద్దుపోయేదాకా రాశాడు.

తెల్లారి అంగట్లో మొదట వచ్చినాయన ఓబుళదేవరచెరువు పక్క రైతు. మిషన్‌లో మిగిలిపోయిన ఆరు మూటల్లో ఒకటి ఆయనదే. తువ్వాలు కొంగులోంచి మడతలు పడ్డ నోట్లు తీశాడు. "పాత బాకీలో రెండువేలు తెచ్చినా అన్నా. మూడు మూటలు డీఏపీ పెట్టు, మిగిలింది కాయకిస్తా."

"ముందు ఈడ వేలు పెట్టు మామా."

మిషన్ బొటనవేలిని ఒప్పుకోలేదు, అరిగిపోయిన వేలు. రెండో వేలికి ఒప్పుకుంది. మిషన్‌లో ఇప్పుడు పదహారు. అంగడాయన రెండువేలకు రసీదు రాసి, పుస్తకంలో జమ వేసి, డబ్బు గల్లాలో కాకుండా కవరులో పెట్టి పైన తేదీ రాశాడు.

"మూటలు?"

"ఉద్దర ఇయ్యను మామా. అంగడి తీసేస్తాండా. మీ ఊర్లో ఆర్బీకేలో అడుగు."

రైతు రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కదల్లేదు.

"ఆడ ముందే దుడ్డు పెట్టమంటారు కదన్నా."