ప్రాసెస్ ఎఫ్‌ఎంఈఏ – కంట్రోల్ ప్లాన్ అనుసంధానం

ఒక వస్తువు తయారయ్యే ప్రతి దశలో ఏ తప్పు జరగవచ్చు, ఎందుకు జరగవచ్చు, జరిగితే ఎవరికి ఏ నష్టం అన్నది ఉత్పత్తి మొదలవకముందే కూర్చుని రాసుకునే విశ్లేషణను ప్రాసెస్ ఎఫ్‌ఎంఈఏ అంటారు. అదే వస్తువును రోజూ తయారుచేసేటప్పుడు ఏది కొలవాలి, దేనితో కొలవాలి, ఎన్ని పీసులకు ఒకసారి కొలవాలి, తేడా వస్తే ఏం చేయాలి అని చెప్పే పత్రం కంట్రోల్ ప్లాన్. మొదటిది ముప్పును పసిగడుతుంది, రెండోది దానికి కాపలా పెడుతుంది. వాహన విడిభాగాల పరిశ్రమలో ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉండటం తప్పనిసరి. ఆహార, ఔషధ పరిశ్రమల్లో ఇదే ఆలోచన వేరే పేర్లతో నడుస్తోంది.

రెండు పత్రాలూ ఫైల్లో ఉండటం వేరు, ఒకదానిలోంచి మరొకటి పుట్టడం వేరు. చాలా కర్మాగారాల్లో ఎఫ్‌ఎంఈఏను పాత పార్టు నుంచి కాపీ చేస్తారు, కంట్రోల్ ప్లాన్‌ను డ్రాయింగ్ చూసి నింపుతారు. ఆడిట్ రోజున రెండూ బల్ల మీదికి వస్తాయి, షాప్ ఫ్లోర్ మీద ఒకదానికొకటి పొత్తు ఉండదు. ఆ పొత్తు కుదిరే చోటు ఒకటే: లోపానికి కారణం.

చరిత్ర

ఎఫ్‌ఎంఈఏ పుట్టింది సైన్యంలో. 1949 నవంబరు 9 తేదీతో వెలువడిన అమెరికా సైనిక పద్ధతి మిల్-పి-1629 దీనికి తొలి రూపం. 1960ల్లో నాసా దీన్ని అపోలో చంద్రయాత్రల్లో వాడింది. 1970ల్లో ఫోర్డ్ సంస్థ ద్వారా కార్ల పరిశ్రమలోకి వచ్చింది. నియంత్రణ వైపు కథ ఇంకా పాతది. బెల్ సంస్థలో పనిచేసిన వాల్టర్ షూహార్ట్ 1924 మే 16న రాసిన ఒక చిన్న మెమోలో తొలి కంట్రోల్ చార్టు కనిపిస్తుంది.

ఈ రెండు దారులూ కలిసింది 1990ల్లో. క్రైస్లర్, ఫోర్డ్, జనరల్ మోటార్స్ తమ సరఫరాదారులకు ఉమ్మడి నియమాలు కావాలనుకున్నాయి. వాటి తరఫున ఏఐఏజీ అనే వాహన పరిశ్రమ సంఘం 1993లో ఎఫ్‌ఎంఈఏ పుస్తకాన్ని, 1994లో ఏపీక్యూపీ (ఉత్పత్తి నాణ్యతకు ముందస్తు ప్రణాళిక) – కంట్రోల్ ప్లాన్ పుస్తకాన్ని తెచ్చింది. జర్మన్ వాహన పరిశ్రమ సంఘం వీడీఏతో కలిసి 2019లో ఎఫ్‌ఎంఈఏను తిరగరాసింది. 2024లో కంట్రోల్ ప్లాన్‌కు విడిగా పుస్తకం వచ్చింది. ఈ రంగంలో ఇప్పుడు అమల్లో ఉన్న ప్రమాణం ఐఏటీఎఫ్ 16949, 2016లో వెలువడింది. శ్రీసిటీలోనో పెనుకొండ దగ్గరో కార్ల కంపెనీకి నేరుగా విడిభాగాలు అమ్మాలనుకునే చిన్న కర్మాగారం యజమాని ముందుగా వినే మాటల్లో ఈ ప్రమాణం పేరు ఒకటి.

ఒక షాఫ్ట్, మూడు కారణాలు

25 మిల్లీమీటర్ల షాఫ్ట్ మీద బేరింగ్ కూర్చునే చోటును తీసుకుందాం. బేరింగ్ బిగుతుగా కూర్చోవాలంటే సాధారణంగా కె6 ఫిట్ ఇస్తారు. అంటే వ్యాసం 25.002 నుంచి 25.015 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. మొత్తం టాలరెన్స్ 13 మైక్రాన్లు. వ్యాసం తగ్గితే బేరింగ్ లోపలి రింగు షాఫ్ట్ మీద జారి తిరుగుతుంది, కూర్చున్న చోటు అరుగుతుంది, శబ్దం మొదలవుతుంది. పెరిగితే రింగు సాగి బేరింగ్ లోపల ఉండాల్సిన ఖాళీ తగ్గిపోతుంది, వేడెక్కుతుంది.

డ్రాయింగ్ చూసి కంట్రోల్ ప్లాన్ రాసేవారు ఇక్కడ ఒకే వరుస రాస్తారు: వ్యాసం ఇంత, మైక్రోమీటరుతో కొలవాలి, గంటకు ఒక పీసు. చూడటానికి ఏ తప్పూ కనిపించదు. అదే పని సెట్టర్‌ను, ఆపరేటర్‌ను కూర్చోబెట్టుకుని ఎఫ్‌ఎంఈఏగా రాస్తే వేరే సంగతులు బయటపడతాయి.

లేత్ మీద లోహాన్ని కోసే ఇన్‌సర్ట్ అరిగేకొద్దీ దాని మొన వెనక్కి పోతుంది, తక్కువ లోహం తెగుతుంది, వ్యాసం మెల్లగా పెరుగుతుంది. అరుగుదల వల్ల వ్యాసం తగ్గదు. ఎఫ్‌ఎంఈఏలో ‘వ్యాసం తక్కువ’ అనే లోపం పక్కన ‘టూల్ అరుగుదల’ అని కారణం కనిపిస్తే, ఆ వరుసను మెషిన్ దగ్గర నిలబడి రాయలేదని అర్థం. వ్యాసం ఒక్కసారిగా తగ్గడానికి అసలు కారణం చాలాసార్లు చేతి తప్పు: ఇన్‌సర్ట్ మార్చాక ఆఫ్‌సెట్‌లో 0.005 తగ్గించాల్సింది 0.05 అని కొట్టడం. మూడో కారణం చలి మెషిన్. కరెంటు పోయి వచ్చాకో, భోజన విరామం తర్వాతో స్పిండిల్ చల్లబడి ఉంటుంది. మళ్లీ వేడెక్కేదాకా వ్యాసం కొద్దికొద్దిగా మారుతూనే ఉంటుంది.

కొలత ఒకటే, కారణాలు మూడు. మూడింటికీ మూడు రకాల కాపలా కావాలి. అరుగుదల నెమ్మదిగా, ఒకే దిశలో వచ్చేది కాబట్టి ఇన్ని పీసులకు ఒకటి కొలిచి చార్టులో గుర్తు పెడితే చాలు, హద్దు దాటకముందే కనబడుతుంది. ఆఫ్‌సెట్ తప్పుకు గంటల లెక్క పనికిరాదు. పది గంటలకు కొలిచి, పది దాటి ఐదు నిమిషాలకు ఇన్‌సర్ట్ మారిస్తే మిగతా 55 నిమిషాల సరుకంతా పోయినట్టే. అక్కడ కావాల్సింది ప్రతి ఇన్‌సర్ట్ మార్పు తర్వాత ఫస్ట్ పీస్ తనిఖీ. అంతకన్నా మంచిది, ఒక పరిమితికి మించిన ఆఫ్‌సెట్ విలువను మెషిన్ అసలు తీసుకోకుండా కంట్రోలర్‌లో కట్టడి పెట్టడం. చలి మెషిన్‌కు మందు కొలవడం కాదు, కొన్ని నిమిషాలు ఖాళీగా తిప్పి వేడెక్కించడం. అది కంట్రోల్ ప్లాన్‌లో ప్రాసెస్ నియంత్రణగా, ఆపరేటర్ పని సూచనలో మొదటి అంశంగా కనబడాలి.

కొలిచే సాధనాన్ని కూడా ఇక్కడే తేల్చుకోవాలి. షాపులో అందరి చేతిలో ఉండే వెర్నియర్ చూపగల కనీస కొలత సాధారణంగా 0.02 మిల్లీమీటరు, అంటే 20 మైక్రాన్లు. 13 మైక్రాన్ల టాలరెన్స్‌ను దానితో కొలవడం గంపతో నీళ్లు తోడటమే. ఎయిర్ గేజో, మైక్రాన్ చూపే కంపారేటరో కావాలి. గేజ్‌లో, దాన్ని పట్టుకునే మనిషిలో ఉండే తేడాను లెక్కించే గేజ్ ఆర్ అండ్ ఆర్ పరీక్షలో ఫలితం 10 శాతం లోపు ఉంటే మంచిదంటారు, 30 దాటితే ఆ గేజ్‌ను నమ్మకూడదు.

అంకెలు ఎక్కడ కలవాలి

ఎఫ్‌ఎంఈఏలో ప్రతి వరుసకు మూడు అంకెలు ఇస్తారు: నష్ట తీవ్రతకు, కారణం ఎంత తరచుగా తలెత్తుతుందనే దానికి, మన తనిఖీ దాన్ని ఎంతవరకు పట్టగలదనే దానికి. ఒక్కోటి 1 నుంచి 10 దాకా. పాత పద్ధతిలో మూడింటినీ గుణించి ఆర్‌పీఎన్ (ముప్పు ప్రాధాన్య సంఖ్య) తీసేవారు. దానితో చిక్కేమిటంటే తీవ్రత 9, తరచుదనం 2, పట్టివేత 3 అయితే 54 వస్తుంది. తీవ్రత 3, తరచుదనం 6, పట్టివేత 4 అయితే 72 వస్తుంది. ప్రాణం మీదికి తెచ్చేది వెనకబడి, చిరాకు పెట్టేది ముందుకొస్తుంది. అందుకే 2019 పుస్తకం గుణకారాన్ని వదిలేసి, తీవ్రతకు పెద్దపీట వేసే చర్యా ప్రాధాన్య పట్టికను పెట్టింది.

మూడో అంకె కంట్రోల్ ప్లాన్‌కు ఇచ్చిన మాట లాంటిది. ప్రతి పీసునూ మెషిన్ దానంతటదే కొలుస్తుందనే లెక్కతో ఎఫ్‌ఎంఈఏలో మంచి అంకె వేసుకుని, కంట్రోల్ ప్లాన్‌లో మాత్రం షిఫ్టుకు ఐదు పీసులు అని రాస్తే ఆ విశ్లేషణ అబద్ధమవుతుంది. తీవ్రత అంకెది ఇంకో నియమం: ఎన్ని తనిఖీలు పెట్టినా అది తగ్గదు. తప్పు పీసు బయటికి పోయాక జరిగే నష్టం తనిఖీ వల్ల చిన్నది కాదు. దాన్ని తగ్గించాలంటే డిజైన్ మారాలి. ఇలాంటి తీవ్రమైన కొలతలకు ప్రత్యేక గుర్తు ఉంటుంది. ఫోర్డ్ తలకిందులైన త్రిభుజం వాడుతుంది. ఆ గుర్తు డ్రాయింగ్ నుంచి ఎఫ్‌ఎంఈఏకు, అక్కడి నుంచి కంట్రోల్ ప్లాన్‌కు, చివరికి మెషిన్ దగ్గర వేలాడే పని సూచనకు చెక్కుచెదరకుండా రావాలి. డ్రాయింగ్ కాక మిగతా మూడు పత్రాల్లోనూ ఆపరేషన్ నంబరు ఒకటే ఉండాలనేది ఇందుకే.

రియాక్షన్ ప్లాన్

కంట్రోల్ ప్లాన్‌లో చివరి గడి రియాక్షన్ ప్లాన్, అంటే తేడా వస్తే ఏం చేయాలన్నది. అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే. ‘సూపర్‌వైజర్‌కు తెలపాలి’ అని రాసి వదిలేస్తారు. రాత్రి షిఫ్టులో సూపర్‌వైజర్ ఇంకో లైన్‌లో ఉంటే? మెషిన్ ఆపే అధికారం ఆపరేటర్‌కు ఉందా? ఆ పీసులు ఏ ఎర్ర డబ్బాలోకి వెళ్లాలి? ముఖ్యంగా, వెనక్కి ఎంతదూరం వెళ్లాలి? 50 పీసులకు ఒకసారి కొలుస్తున్నామంటే, కొలత తప్పినప్పుడు వెనకటి 50 పీసులూ ఏరాల్సిందే. అవి అప్పటికే బేరింగ్ ఎక్కి అసెంబ్లీలోకి వెళ్లిపోయి ఉంటే ఏరడానికి ఏమీ మిగలదు. కాబట్టి తనిఖీ తరచుదనం నిర్ణయించేవారు కొలిచే మనిషి తీరికను కాదు, తదుపరి కొలత వచ్చేదాకా సరుకును అక్కడే నిలిపి ఉంచగలమా అన్నదాన్ని చూడాలి.

తిరగరాత

ఉత్పత్తి మొదలయ్యాక సమాచారం ఎదురు దిశలో ప్రవహించాలి. కస్టమర్ నుంచి ఫిర్యాదు వచ్చినా, తప్పు సరుకు బయటికి పోయినా, మెషిన్, గేజ్, ముడిసరుకు సరఫరాదారు మారినా, ఎఫ్‌ఎంఈఏలో అంకె మారినా కంట్రోల్ ప్లాన్‌ను మళ్లీ చూసి అవసరమైతే మార్చాలని ఐఏటీఎఫ్ 16949 కోరుతుంది. ఫిర్యాదు వచ్చినప్పుడు వేయాల్సిన ప్రశ్న సూటిగా ఉంటుంది: ఈ కారణం మన ఎఫ్‌ఎంఈఏలో ఉందా? లేకపోతే మన ఊహ చాల్లేదు. ఉండి, కంట్రోల్ ప్లాన్‌లో దానికి ఎదురుగా ఏమీ లేకపోతే ముడి తెగింది. రెండింటిలోనూ ఉండి లోపం దాటిపోతే కాపలా బలహీనం. ఏది తేలితే దిద్దుబాటు అక్కడ మొదలవుతుంది. ‘ఆపరేటర్‌కు శిక్షణ ఇచ్చాం’ అని రాసి ముగించే నివేదికల్లో ఈ ప్రశ్న అడిగిన జాడ ఉండదు.

ఇతర రంగాలు

ఔషధ రంగంలో ముప్పు అంచనాకు ఐసీహెచ్ క్యూ9 మార్గదర్శకం 2005లో వచ్చింది, 2023లో సవరించారు. అమెరికాకూ ఐరోపాకూ మందులు పంపే హైదరాబాద్ చుట్టుపక్కల కంపెనీలకు ఇది రోజువారీ పరిచయం. ఆహార రంగంలో నాసా వ్యోమగాముల తిండి కోసం పిల్స్‌బరీ సంస్థ రూపొందించిన హెచ్‌ఏసీసీపీ ఉంది. అందులో ముప్పు విశ్లేషణ, నియంత్రణ రెండూ ఒకే పద్ధతిలో భాగాలు, విడదీయడానికి వీల్లేదు. డెయిరీలో పాలను 72 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 సెకన్లు ఉంచి పాశ్చరైజ్ చేస్తారు. ముప్పు సూక్ష్మజీవి, కారణం చాలని వేడి, కాపలా ఉష్ణోగ్రత సెన్సర్. రియాక్షన్ ప్లాన్ కాగితం మీద కాకుండా గొట్టంలోనే ఉంటుంది: వేడి హద్దు కన్నా తగ్గగానే ఒక వాల్వ్ దానంతటదే తిరిగి పాలను వెనక్కి, బ్యాలెన్స్ ట్యాంకులోకి మళ్లిస్తుంది. వేడి మళ్లీ అందుకునేదాకా ప్యాకింగ్ వైపు పాలు పోవు.