అమరిక – పొసగుదల: ధారూర్ పరిసరాల పక్షి ఛాయాగ్రహణం నేపథ్యంలో సూపర్ టెలిఫోటో జూమ్ లెన్సుల చరిత్ర

వ్యాససంగ్రహం: వికారాబాద్ జిల్లా ధారూర్ పరిసరాల్లోని అడవి, చెలకలు, జలాశయం పక్షులను చిత్రించేవారికి అనువైన తావులు. అక్కడ అవసరమయ్యే సూపర్ టెలిఫోటో జూమ్ లెన్సును ఎన్నుకోవడంలో నాభ్యంతరపు అంకె కన్న కెమెరాతో పొసగుదలే ముందు చూడవలసినదని, ఆ సమస్య లెన్సు మౌంట్ల చరిత్రలోంచే పుట్టిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఛాయాగ్రహణ చరిత్ర, టెలిఫోటో, జూమ్, మౌంట్, నాభ్యంతరం, పాలపిట్ట, ధారూర్.

ఉపోద్ఘాతం

సికింద్రాబాద్ నుంచి వాడి వరకు నిజాం కాలంలో 1874లో ప్రారంభమైన రైలుమార్గం మీద, వికారాబాదుకూ తాండూరుకూ నడుమ ఉన్న స్టేషన్ ధారూర్. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతం రంగారెడ్డి జిల్లాలో ఉండేది. వికారాబాద్ దిక్కున అనంతగిరి అడవి, చేరువలో కోట్‌పల్లి జలాశయం, మధ్యలో కంది చేలు. ఛాయాగ్రాహకుని దృష్టితో చూస్తే ఇవి మూడు భిన్నమైన పరిస్థితులు. అడవిలో దూరం తక్కువ, వెలుతురూ తక్కువ. నీటి మీద వెలుతురు ఎక్కువ, దూరమూ ఎక్కువ. చేలల్లో తీగల మీద కూర్చునే పిట్ట మాత్రం మనిషి నాలుగడుగులు వేయగానే లేచిపోతుంది.

తుపాకీ నుంచి లెన్సు దాకా

హైదరాబాద్ రాజ్యంలో వన్యజీవి మొదట ఛాయాచిత్రంలోకి వచ్చింది ప్రాణంతో కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) స్టూడియో తీసిన వేట చిత్రాలలో పులి వేటగాళ్ల పాదాల ముందు పడి ఉంటుంది. 1902లో లార్డ్ కర్జన్ వరంగల్ ప్రాంతపు నెక్కొండలో వేటాడినప్పటి చిత్రం అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. దీనిని పాలకవర్గపు అభిరుచిగా మాత్రమే వివరించడం అసమగ్రం. ముక్కాలిపీట మీద నిలబెట్టిన పెద్ద కెమెరాకు, మందకొడి గాజు పలకలకు దూరాన కదిలే ప్రాణి చిక్కదు. కదలని మృగమే ఆ యంత్రానికి అనువైన వస్తువు.

పక్షుల విషయంలోనూ ఇదే స్థితి. సలీం అలీ 1931లో చేపట్టిన హైదరాబాద్ రాజ్య పక్షి సర్వేక్షణ ఫలితాలు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1933–34లలో వెలువడ్డాయి. ఆ కాలపు పద్ధతి ప్రకారం నమూనాలను తుపాకీతోనే సేకరించారు. 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ ఏర్పడేనాటికి దుర్భిణి, నోటుపుస్తకం పక్షి పరిశీలకుని సాధనాలయ్యాయి. పొడవాటి లెన్సు సామాన్య పరిశీలకుని చేతికి రావడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

టెలిఫోటో, జూమ్

1891లో లండన్‌లో థామస్ డాల్‌మేయర్, బెర్లిన్‌లో అడాల్ఫ్ మీతే ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే టెలిఫోటో లెన్సును రూపొందించారు. ముందు కేంద్రీకరణ కటకాలు, వెనుక వికేంద్రీకరణ కటకాలు అమర్చి, గొట్టం పొడవును నాభ్యంతరం కన్న తగ్గించడం ఇందులోని సూత్రం. నాభ్యంతరాన్ని మార్చుకోగల జూమ్ లెన్సు స్టిల్ కెమెరాకు 1959లో ఫోక్ట్‌లాండర్ జూమార్ (36–82 మి.మీ.) రూపంలో వచ్చింది. ఈ రెండూ కలిసి సూపర్ టెలిఫోటో జూమ్ అయ్యాయి. నికాన్ 1960ల తొలినాళ్లలోనే 200–600 మి.మీ. జూమ్ చేసినా అది బరువైనది, కాంతి తక్కువ ఇచ్చేది. 2013 చివర టామ్రాన్ 150–600, 2014లో సిగ్మా 150–600, 2015లో నికాన్ 200–500 ప్రకటించిన తరువాతనే ఈ తరగతి లెన్సు వేట కెమెరా స్థాయి నుంచి జీతగాని పొదుపు పరిధిలోకి వచ్చింది.

అమరడం, పొసగడం

ఇక్కడే అసలు చిక్కు. లెన్సు కెమెరాకు బిగుసుకున్నంత మాత్రాన రెండూ కలిసి పనిచేస్తాయన్న నమ్మకం బలంగా ఉంది. బిగుసుకోవడాన్ని అమరిక అనీ, అన్ని పనులూ సాగడాన్ని పొసగుదల అనీ వేరుచేసి చూడడం అవసరం.

ఆటోఫోకస్ వచ్చినప్పుడు కంపెనీలు రెండు దారులు తొక్కాయి. 1987లో కానన్ పాత ఎఫ్‌డీ మౌంట్‌ను పూర్తిగా విడిచి, మోటారును లెన్సులోనే పెట్టి, విద్యుత్ సంకేతాలతో నడిచే ఈఎఫ్ మౌంట్ తెచ్చింది. పాత లెన్సులున్నవారికి అది అన్యాయంగానే తోచి ఉంటుంది, కాని సందేహానికి తావు లేకపోయింది. నికాన్ 1959 నాటి ఎఫ్ మౌంట్‌నే నిలుపుకొని లోపలి యంత్రాంగాన్ని విడతలుగా మార్చింది. పాతవారిని వదులుకోని ఆ ఔదార్యమే కొత్తగా కొనేవారికి చిక్కుముడి అయింది.

ఒక ఉదాహరణ చాలు. నికాన్ 2000లో తెచ్చిన 80–400 లెన్సులో ఫోకస్ మోటారు లేదు. దానిని కెమెరాలోని మోటారే తిప్పాలి. 2015 నాటి 200–500లో మోటారు ఉంది, కాని దాని అపెర్చర్ మీటతో కాక విద్యుత్ సంకేతంతో కదులుతుంది. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో దొరికే రెండు కెమెరాలను తీసుకుందాం. 2008 నాటి డీ90లో మోటారు ఉంది, విద్యుత్ అపెర్చర్‌ను నడిపే ఏర్పాటు లేదు. 2010 నాటి డీ3100లో ఆ ఏర్పాటు ఉంది, మోటారు లేదు. కాబట్టి పాత లెన్సు డీ90 మీద చక్కగా ఫోకస్ చేస్తుంది, డీ3100 మీద చేత్తో తిప్పుకోవాలి. కొత్త లెన్సు డీ3100 మీద అన్ని విధాలా పనిచేస్తుంది, డీ90 మీద అపెర్చర్ ఎఫ్/5.6 నుంచి కదలదు. నాలుగు జతలూ భౌతికంగా అమరేవే. కోఠీ దుకాణంలో కౌంటర్ మీద బిగించి చూసినంతలో ఈ తేడా తెలియదు.

మిర్రర్‌లెస్ కెమెరాలతో సమస్య మరో రూపం ధరించింది. లెన్సు మౌంట్‌కూ సెన్సర్‌కూ నడుమ దూరం నికాన్ ఎఫ్‌లో 46.5 మి.మీ., కానన్ ఈఎఫ్‌లో 44. అదే కానన్ ఆర్‌ఎఫ్‌లో 20, సోనీ ఈలో 18, నికాన్ జడ్‌లో 16. మిగిలిన ఖాళీని అడాప్టర్ నింపుతుంది. ఈఎఫ్ లెన్సును ఆర్‌ఎఫ్ కెమెరాకు తగిలించే అడాప్టర్ మందం సరిగ్గా 24 మి.మీ. కావడానికి కారణం ఇదే. దారి మాత్రం ఒకవైపే. కొత్త లెన్సును పాత కెమెరాకు తగిలించాలంటే కెమెరా లోపలికి చొచ్చుకుపోవాలి. నికాన్ ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌లోనూ మోటారు లేదు గనుక, పైన చెప్పిన 80–400 జడ్ కెమెరా మీద మళ్లీ చేతి ఫోకస్ లెన్సే.

పాలపిట్ట, నలభై మీటర్లు

పొసగుదల తేలాకనే నాభ్యంతరం ప్రశ్న. సుమారు 30 సెం.మీ. పొడవుండే పాలపిట్ట 40 మీటర్ల దూరాన ఉంటే, 300 మి.మీ. లెన్సు సెన్సర్ మీద 2.25 మి.మీ. బొమ్మను వేస్తుంది. 500 అయితే 3.75, 600 అయితే 4.5. ఏపీఎస్-సీ సెన్సర్ ఎత్తు సుమారు 16 మి.మీ. గనుక 500తో పిట్ట చట్రంలో నాలుగోవంతుకు కాస్త తక్కువ, 600తో కాస్త ఎక్కువ. 300 నుంచి 500కు వెళ్లడంలో ఉన్న లాభం, 500 నుంచి 600కు వెళ్లడంలో లేదు.

ఆ చివరి వందకు చెల్లించే మూల్యమూ ఉంది. 600 మి.మీ. వద్ద ఎఫ్/6.3 అంటే ముందరి కాంతిద్వారం 95 మి.మీ. ఉండాలి, అయినా ఎఫ్/5.6తో పోలిస్తే స్టాప్‌లో మూడోవంతు వెలుతురు తగ్గుతుంది. పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లలో చాలావాటి ఆటోఫోకస్ ఎఫ్/5.6 వరకే హామీగా పనిచేసేలా తయారైంది. వానాకాలపు అనంతగిరి చెట్ల కింద ఈ మూడోవంతు లెక్కలోకి వస్తుంది. దాని మీద 1.4 రెట్ల టెలికన్వర్టర్ కూడా తగిలిస్తే ఎఫ్/9 దగ్గరికి చేరి ఆ కెమెరా తడబడుతుంది. సెన్సర్ మీదే ఫోకస్ చూసుకునే మిర్రర్‌లెస్‌కు ఈ పరిమితి అంతగా లేదు. 2020లో కానన్ ఎఫ్/11 స్థిర అపెర్చర్‌తో 600, 800 లెన్సులు అమ్మగలిగింది అందువల్లనే. కోట్‌పల్లి నీటి మీద మధ్యాహ్నం వేళ ఏ లెన్సూ గెలవదు. వేడెక్కిన గాలి కదలికకు బొమ్మ అలుక్కుపోతుంది, ఎక్కువ నాభ్యంతరం ఆ అలుకును కూడా పెద్దది చేసి చూపుతుంది.

నలభై మీటర్లే ఎందుకన్నది పక్షి నిర్ణయించే విషయం. దసరానాడు పాలపిట్టను చూడాలన్న ఆచారం తెలంగాణలో బలమైనది. రాష్ట్ర పక్షి అయిన ఆ పిట్టను పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో తిప్పి డబ్బు అడిగే దుష్ట అలవాటు కూడా దాని వెంట పుట్టింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ధారూర్ చేలల్లో కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్టను, అది లేచిపోనంత దూరం నుంచి చూపడానికి పాత డీ90 ఉన్నవారికి ఆ పాత 80–400 చాలు. దానికి 200–500 కొనేముందు మార్చవలసింది కెమెరాను.