రెక్కకును మనుష్యునకును నడుమ

ఆకాశయాన చరిత్రమును వ్రాయువారు వస్త్రమును గూర్చియు సాహసమును గూర్చియు విస్తరించి చెప్పి, ఆ రెంటికిని నడుమ నున్న సన్నని దారములను ఒక్క వాక్యముతో దాటిపోవుదురు. కాని కొండవాలునుండి ఎగురు గుడ్డరెక్కయగు పారాగ్లైడర్ చరిత్రము, ఆ దారములను ఎచ్చట, ఎట్లు కట్టవలెనను ప్రశ్నకు మానవుడు క్రమక్రమముగా సాధించిన సమాధానముల చరిత్రమే యని నా దృఢవిశ్వాసము.

1797 అక్టోబరు 22వ తేదీన పారిస్ నగరమున మోన్సో ఉద్యానముపై గార్నెరాన్ అను ఫ్రెంచి సాహసి బెలూనునుండి దిగిన గొడుగునకు, అనగా పారాచూటునకు, త్రాళ్ళు అంచు చుట్టును కట్టబడినవి. గొడుగు గుండ్రనిది గనుక ముందు త్రాడు, వెనుక త్రాడు అను భేద మచట లేదు. ఆ భేదము రెక్కతోడనే పుట్టినది. అమెరికాలో డొమినా జాల్బర్ట్, ముందంచున జొచ్చిన గాలి అరలను నింపగా రెక్క యాకృతి దాల్చు పారాఫాయిల్‌ను నిర్మించి 1966లో పేటెంటు పొందెను. దారము ఒక్క బిందువుననే లాగినచో గుడ్డ ముడుతపడి రెక్క రూపము చెడును గనుక, ఆయన అరల గోడల క్రింద త్రికోణాకారపు గుడ్డపీలికలను కుట్టి, వాని కొనలకు దారములను తగిలించి, భారమును విశాలముగా పంచెను.

1978లో ఫ్రాన్సు దేశపు ఆల్ప్స్ పర్వతములలోని మ్యూసీ గ్రామమున బెతాం, బోన్, బొస్సోన్ అను పారాచూటు వీరులు మువ్వురు, విమానపు ఖర్చు లేకుండ కొండవాలున పరుగెత్తి అట్టి పారాచూట్లతో గాలిలోనికి లేచిరి. ఆకాశమున హఠాత్తుగా విచ్చుకొను కుదుపు వీనికి లేదు. కావున దారములు సన్నబడవచ్చునని తరువాతి నిర్మాతలు గ్రహించి, అరామిడ్, డైనీమా అను గట్టి కృత్రిమ నూళ్ళను గైకొని, ఒక దారమునుండి రెండుమూడు శాఖలు చీలునట్లు అమర్చి, గాలి నిరోధమును తగ్గించిరి. 1988 సెప్టెంబరు 26న ఫ్రెంచి పర్వతారోహకుడు బువావేన్ ఎవరెస్టు శిఖరమునుండి ఎగిరి క్రిందికి దిగినది ఇట్టి రెక్కతోనే.

దారములు సన్నబడిన కొలది వానిని కట్టుటలో జాగరూకత పెరుగవలసి వచ్చినది. రెక్క ముందంచునుండి వెనుకకు ఏ, బీ, సీ అను వరుసలు. ప్రతి వరుసలోను మధ్యమునుండి కొనవరకు క్రమము. పైన దారపు కంటిలో దారమునే దూర్చి రెక్కపట్టీకి బిగింతురు. క్రింద అదే క్రమమున, మెలిపడకుండ, మెయిలన్ అను ఉక్కులంకెలో చేర్చి, దారములు జరుగకుండ రబ్బరువలయము తొడిగి, మరను చేతితో త్రిప్పి పిదప పానాతో బిగింతురు. ఒక్క దారము పొరుగుదానిపై అడ్డముగా పడినను ఆ వంక రెక్క సరిగా తెరచుకొనదు.

అంతకంటె సూక్ష్మమైన ప్రమాద మొకటి కలదు. భారము నెక్కువగా మోయు ముందు వరుస కాలక్రమమున సాగును. భారము తక్కువైన వెనుక వరుస, ముఖ్యముగా డైనీమాది, తడికిని వేడికిని కుంచించుకొనును. కంటి కగపడని ఈ ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాతో ముందంచు పైకి లేచి, రెక్క మందగించి, చివరకు ముందునకు సాగక నిలువున దిగజారవచ్చును. అందుచేతనే తనిఖీ చేయువారు ప్రతి దారమును ఇంచుమించు 5 కిలోల బిగువున లాగి కొలిచి, నిర్మాత పట్టికతో సరిపోల్చి, సాగిన చోట మెయిలన్‌పై దారపు కంటిని మరియొక చుట్టు చుట్టి పొట్టిచేయుదురు.