షంషాద్ చెక్క మీద ఒక దాస్తాన్

ఉర్దూ గజల్లో షంషాద్ అంటే మెహబూబా నిలువెత్తు రూపం. ఉర్దూ మీడియం స్కూల్లో ఉస్తాద్ మాకు చెప్పిన అర్థం అదొక్కటే. ఆ చెట్టు చెక్క మీద బొమ్మలు చెక్కి కితాబులు అచ్చేశారని చాలా ఏళ్ళకు గానీ నాకు తెలియలేదు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని బాక్స్‌వుడ్ అన్నారు. తుర్కీ నుంచి ఓడల్లో లండన్ చేరేది. మాను సన్నం కాబట్టి, అడ్డంగా కోసిన చిన్న ముక్కల్ని జోడించి దిమ్మ చేసేవాళ్ళు. అడ్డకోతలో చెక్క పోగు అడ్డురాదు. ఉక్కు ఖలం ఎటు తిప్పితే అటు వెంట్రుకంత గీత పడుతుంది.

మనకు అమీర్ హంజా దాస్తాన్ ఎట్లాగో వాళ్ళకు ఆర్థర్ రాజు కథలు అట్లా. మాలరీ రాసిన ఆ కథల్ని కాక్స్టన్ 1485లో అచ్చేశాడు. 1498లో వింకిన్ డి వోర్డ్ వాటికి చెక్కబొమ్మలు చేర్చాడు. అవి మోటు బొమ్మలే. నాకు ఇష్టమైనవి మాత్రం 1857 నాటివి. ఆ ఏడు మాక్సన్ అనే పబ్లిషర్ టెన్నిసన్ కవితల్ని 54 చెక్కబొమ్మలతో తెచ్చాడు.

అందులో షాలట్ ఖాతూన్ కథ ఉంది. శాపం వల్ల ఆమె కిటికీలోంచి చూడకూడదు. అద్దంలో కనిపించే దునియానే మగ్గం మీద నేస్తుంటుంది. లాన్సలాట్ గుర్రమెక్కి పోతుంటే ఆగలేక తిరిగి చూస్తుంది, అద్దం పగులుతుంది. పడవలో పడుకుని, శవమై కామెలాట్ చేరుతుంది. రోజెట్టి గీసింది ఆ చివరి ఘడియనే. లాన్సలాట్ వంగి ఆమె మొహంలోకి చూస్తున్నాడు.

రోజెట్టి పెన్సిలు, రంగు సుద్ద, సిరా, నీళ్ళ పూత అన్నీ కలిపి దిమ్మ మీదే గీసిచ్చాడట. చెక్కే కారీగర్ చేతిలో ఉన్నవి రెండే: ఉంచింది నలుపు, తవ్వింది తెలుపు. డాల్జియల్ బ్రదర్స్ కార్ఖానా నుంచి వచ్చిన అచ్చు చూసి, తన గీతల్ని పాడుచేశారని రోజెట్టి మండిపడ్డాడు. ఎవరిది నిజం? చెక్కుతూ పోతే అసలు గీతే చెక్కపొట్టులో రాలిపోతుంది కదా, ఇక సబూత్ ఏది?

నేను చెక్కినవాళ్ళ తరఫు. మా నానా పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాడు, టేకు మీద. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. రేఖ అచ్చు వెంట్రుకవాసి తప్పినా రంగు పక్కకు పోతుంది, బట్ట ఖరాబు. బందరు అద్దకం ఒకప్పుడు ఇరాన్ దాకా పోయింది. కలంకారీ అన్న మాటే ఫార్సీ.

రోజెట్టి బొమ్మ మూలన డాల్జియల్ అన్న పేరు ఉంటుంది. అది కార్ఖానా పేరు. అందులో జీతానికి కూర్చుని చెక్కిన కుర్రాళ్ళది కాదు.

నానా చెక్కిన అచ్చు ఒకటి ఆగిరిపల్లిలో నా బల్ల మీద ఉంది, సర్వ్ చెట్టు. గజల్లో షంషాద్‌కు అది జోడీ. పోయిన వేసవిలో మామిడి కోతలప్పుడు వచ్చిన మా ఖాలా కొడుకు, హాల్లో గోడకు పెట్టుకుంటాను ఇవ్వు భాయ్ అన్నాడు. డిజైన్ ఎక్కడిదని అడిగాడు. చెక్కిందెవరని అడగలేదు, తనకూ నానాయే అయినా. నేను ఇవ్వలేదు.

వాడు పోయాక వెనక్కి తిప్పి చూశాను. పేరేమీ లేదు. అద్దకంవాళ్ళ అరచేయి పట్టీ పట్టీ నునుపెక్కిన పిడి ఉంది.