అడవి అంచున స్త్రీల ఆరోగ్య రక్షణ – ఒక చరిత్ర పాఠము

జబ్బు చేసిన తరువాత ఆసుపత్రికి పోవుట మన స్త్రీలు ఏనాడో నేర్చుకొన్నారు. జబ్బు రాకముందే పోవుట ఇంకను అలవాటు కాలేదు. పెనుబల్లి ప్రాంతమున మేము చూచుచున్న ఈ లోటునకు స్త్రీల అశ్రద్ధ ఒక్కటే కారణము కాదు. దానికొక చరిత్ర ఉన్నది.

తెలుగునాట స్త్రీల వైద్యసేవ చికిత్సతోనే మొదలైనది. 1883లో గుంటూరు చేరిన డాక్టర్ అన్నా కుగ్లర్ పురుష వైద్యుల ఎదుటికి రాలేని స్త్రీలకు వైద్యము చేసి, 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. రోగమును ముందే అడ్డుకొను పని ఆ తరువాత చట్టముల ద్వారాను, ప్రభుత్వ పథకముల ద్వారాను వచ్చినది. 1929 నాటి శారదా చట్టము బ్రిటిషు ఇండియాకే పరిమితము. అప్పుడు భద్రాచలము మద్రాసు రాష్ట్రములోను, ఖమ్మము నైజాము ఏలుబడిలోను ఉండినవి. 1978లో ఆడపిల్ల పెండ్లి వయస్సు 18 ఏండ్లకు పెరిగినది. 1975లో అంగన్‌వాడీలకు మూలమైన పథకము, 2005 తరువాత ఆశా కార్యకర్తలు వచ్చి ఆరోగ్యమును గడప దాకా తెచ్చారు.

ఇట్లు కుదురుచున్న నమ్మకమునకు 2009లో దెబ్బ తగిలినది. గర్భాశయ ముఖద్వార కేన్సరును నివారించు హెచ్‌పీవీ టీకాను, పాత్ అను అమెరికా సంస్థ భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వముల తోడ్పాటుతో మన ఖమ్మము జిల్లాలో భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో 10 నుండి 14 ఏండ్ల బాలికలకు వేయించినది. వారిలో అనేకులు హాస్టళ్లలో చదువుకొను గిరిజన బాలికలు. తల్లిదండ్రులు చేయవలసిన సంతకములను ఎన్నోచోట్ల వార్డెనులే చేశారు. కొందరు బాలికలు మరణించుటతో 2010 ఏప్రిలులో కార్యక్రమము ఆగిపోయినది. విచారణ సంఘము ఆ మరణములకు టీకా కారణమని తేల్చలేదు; అనుమతి తీసుకొన్న తీరులోని లోపములను మాత్రము ఎత్తిచూపినది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము మరింత కఠినముగా తప్పుపట్టినది.

టీకా మంచిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 నుండి 14 ఏండ్ల బాలికలకు దానిని సిఫారసు చేయుచున్నది. లోపము అడుగుటలో జరిగినది. తల్లికి చెప్పక చేసిన మేలు భయముగా మిగిలినది. ఆ భయము ఇతర పరీక్షల మీదికిని ప్రాకినది. కనుక ఏ వయస్సునకు ఏది అవసరమో, ఎందుకు అవసరమో స్త్రీలకు తెలియజెప్పుట మన మొదటి పని.

ఎదిగే పిల్లకు హెచ్‌పీవీ టీకా, వారమునకొక ఇనుము మాత్ర, నులిపురుగుల మందు కావలెను. పెండ్లికి ముందు సికిల్ సెల్ రక్తపరీక్ష అవసరము. మన కోయ సోదరీమణులలో ఆ వ్యాధి ఉన్నది. గర్భిణి మొదటి 3 నెలలలోనే పేరు నమోదు చేయించుకొని, కనీసము 4 మార్లు పరీక్షకు పోవలెను. 180 దినములు ఇనుము మాత్రలు మ్రింగవలెను. ధనుర్వాతపు టీకా మానరాదు. 30 ఏండ్లు దాటినవారు రక్తపోటు, చక్కెర చూపించుకొనుచు, 5 ఏండ్లకొకసారి గర్భాశయ ముఖద్వార పరీక్ష, రొమ్ము పరీక్ష చేయించుకోవలెను. ముట్లుడిగిన తరువాత రక్తము కనబడినచో ఒక్కరోజు కూడ ఆగరాదు. పెద్దవయస్సులో నడక, రాగులు, నువ్వులు, పాలు ఎముకలకు బలము.

ఇందులో చాల భాగము ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితముగా దొరకును. దొరకనిది తోడు. మన స్త్రీల సమాజములు నెలకొక దినము పెట్టుకొని, పొరుగు అక్కచెల్లెండ్రతో కలిసి ఆసుపత్రికి పోవలెనని మేము కోరుచున్నాము. సందేహములున్నచో అక్కడనే అడుగుదము. జవాబు అర్థమైన తరువాతనే సంతకము పెట్టుదము.